పౌర్ణమి పోటుకు ముందు పెద్దింజను చప్పుడు

జ్యేష్ఠ శుద్ధ సప్తమి

ఈ పొద్దున పెద్దింజనును ఆపాను. అది ఆగిపోలేదు, నేనే ఆపాను. ఈ తేడా ఇక్కడ రాసి పెట్టకపోతే రేపు మాకు సరుకులు పంపే కొండ మీది అధికారులు మా అడుగులంక ఇంజను చచ్చిపోయిందని చెప్పుకుంటారు. వాళ్ళ సంగతి నాకు తెలుసు.

తెల్లారి చూస్తే తొట్టిలో ఇంజనును చల్లబరిచే కూలెంట్ జానెడు తగ్గి ఉంది. నిన్ననే నింపాం. ఆ పచ్చటి నీళ్ళు కొండ నుంచి రావాలంటే వానాకాలం సరుకు పడవ దాకా ఆగాలి, కాబట్టి ముందు నాగూరును తిట్టాను. నాగూరు నాతోపాటు ఇంజను గదిలో పనిచేస్తాడు. నూనె చూసే పని అతనిది. నాకన్నా పదేళ్ళు చిన్నవాడు, నా తిట్లకు అలవాటుపడినవాడు. నూనె కొలిచే పుల్ల బయటికి లాగి నా ముక్కు ముందు పెట్టాడు. దానికి అంటుకున్నది నూనె కాదు, చిక్కటి మజ్జిగ. ఇంజను తలకూ ఒంటికీ మధ్య ఏదీ కారకుండా పెట్టే పొర, హెడ్ గాస్కెట్, పోయింది. నీళ్ళు వెళ్ళకూడని చోటికి వెళ్ళి నూనెలో కలిశాయి. వెంటనే ఆపేశాను.

అదృష్టం బాగుండి ఇది సప్తమి. ఈ నాలుగు రోజులూ సముద్రానికి బద్ధకం. గట్టు నడుము దాకా కూడా రాదు. గట్టు కింద నుంచి ఊరే నీళ్ళు తక్కువే కాబట్టి చిన్న పంపులు, ఏతాలు సరిపోతాయి. పౌర్ణమి మర్నాడు అలా కుదరదు. ఆ రోజు పోటుకు సముద్రం మా ఇంటి కప్పుల కన్నా ఎత్తున నిలబడుతుంది. పడవలు మా తలల మీదుగా పోతున్నట్టు కనిపిస్తాయి. అప్పుడు ఊటనీటిని ఎప్పటికప్పుడు తోడి అవతల పోయగలిగేది పెద్దింజను ఒక్కటే. కరెంటు ఇచ్చే సూర్యుడి పలకలు ఉప్పుగాలికి తెల్లబడి చాలా ఏళ్ళయింది. వాటి మీద ఇప్పుడు ఒడియాలు ఎండబెట్టుకుంటున్నాం.

ఉప్పునీళ్ళు ఒక్క పోటు పొలంలో నిలిచాయంటే ఆ మట్టి ఇక పండదు. మేడలంక అలాగే పోయింది. నేను పుట్టింది అక్కడే. మా అమ్మ చంకనెక్కి పడవలో కూర్చుని వెనక్కి చూస్తే మా ఇంటి దూలం కూడా కనిపించలేదు. అలా ఇంకోసారి పడవెక్కడం నా వల్ల కాదు. కాదంటే కాదు.

శుద్ధ అష్టమి

ఇంజను మొత్తం విప్పాం. హెడ్ గాస్కెట్ ఒక పక్కన కాలి నల్లబడింది, ఇంకో పక్కన చిరిగింది. ఎన్నాళ్ళ గాస్కెట్టో అది, పాపం దాన్ని ఏమనగలం. మజ్జిగ నూనె అంతా వంచి పారబోసి, లోపలంతా పొన్న నూనెతో కడిగాం. నా జుట్టులోంచి ఇంకా ఆ వాసన పోలేదు.

ఇరుసు చివరి మూత కూడా తీశాం. ఇరుసంటే ఇంజను అడుగున తిరిగే లావుపాటి కడ్డీ. దాని ఒక చివర మనిషెత్తు ఇనపచక్రం ఉంటుంది, రెండో చివర, వెనక వైపు, ఈ మూత. ఇరుసు బేరింగుల మీద తిరుగుతుంది. మజ్జిగ నూనెలో తిరిగితే ముందు అరిగిపోయేవి ఆ బేరింగులే. అవి పోతే ఇంజను పోయినట్టే, ఈ లోకంలో ఎక్కడా కొత్తవి దొరకవు. గోటితో తడిమాను, దీపం పెట్టి చూశాను. ఒక్క గీత లేదు. నిన్న ఆపిన నా చేతికి నేనే దణ్ణం పెట్టుకున్నాను. అక్కకు తన మీద తనకున్నంత భక్తి దేవుడి మీద కూడా లేదన్నాడు నాగూరు. నిజమే అన్నాను.

గాస్కెట్లన్నీ కొత్తవి కావాలి. ఆ పని విస్సన్న బాబాయిది. ఆయన కంచరి. ఇప్పుడు బిందెలు చేయించుకునేవాళ్ళు లేరు కాబట్టి పాత బిందెల రాగి రేకులు కోసి హెడ్ గాస్కెట్లు చేస్తాడు. నూనెలో నానబెట్టిన మందం కాగితంతో మిగతావి కోస్తాడు. ఆయన చేతికి వంక పెట్టే మగాడు ఈ లంకలో పుట్టలేదు. ఆడది నేనున్నాను గాని, నేనూ పెట్టను.

సాయంత్రం బాబాయికి ఒక బుట్ట ఎండు సావిడి చేపలు తీసుకెళ్ళాను. అనుకున్నదాని మీద మరో గుప్పెడు ఎక్కువే వేశాను. ఆయన బుట్టలోకి చూడనైనా చూడకుండా చూరుకు తగిలించాడు. అదీ మా ఊరి పద్ధతి. బియ్యం, మందులు, బట్ట అన్నీ కొండ నుంచి యంత్రం తూచి పంపుతుంది, గింజ ఎక్కువ రానివ్వదు. మనిషి తన మనసుతో ఇచ్చేది కొసరు ఒక్కటే. అందుకే ఇక్కడ కొసరు వేసినవాళ్ళు వేశామని చెప్పరు, పుచ్చుకున్నవాళ్ళు కొలవరు. ఆ మధ్య కొండ పడవవాడొకడు మేమిచ్చిన తాటిముంజెలు మా ముందే లెక్కపెట్టాడు. ఆ సీజనంతా వాడికి మంచినీళ్ళు ఇచ్చిన ఇల్లు లేదు.

శుద్ధ దశమి

బిగించడం పూర్తయింది. మధ్యాహ్నానికి కూలెంట్ పోశాం. సగం పాతదే వడగట్టి, మిగతా సగం వాననీళ్ళు. నాగూరు ఇంజనును కదిలించే గాలి తొట్టి మీట తిప్పాడు, నేను మండే నూనె వదిలాను. మొదటి ఊపుకే అందుకుంది. బయట నిలబడ్డ జనం చప్పట్లు కొట్టారు. నేను గాస్కెట్ల చుట్టూ వేలు పెట్టి తిప్పాను. ఎక్కడా చుక్క లేదు, చెమ్మ లేదు, ఆవిరి లేదు. ఎదురుగా ఎవరున్నారో కూడా చూడకుండా వాటేసుకున్నాను. విస్సన్న బాబాయి. ఆయన సిగ్గుపడి తలపాగా సర్దుకున్నాడు.

ఇల్లు అలకగానే పండగ కాదు. పంపుల బెల్టు తగిలించిన కాసేపటికి అడుగు నుంచి ఒక చప్పుడు మొదలైంది. పైన వాల్వులు టకటకలాడే చప్పుడు కాదు అది. లోతుగా, బరువుగా, దణ్ మని. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ దణ్. ఆ చప్పుడుకు కాళ్ళ కింద నేల అదురుతుంది.

అడుగులంకలో ఇంజను చప్పుడు వినకుండా పుట్టినవాళ్ళు లేరు. అది సరిగా ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. ఇవాళ మాత్రం ఊరంతా పనులు ఆపి నిలబడిపోయింది. ఒక్కొక్కరే వచ్చి గది గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది, తిట్టి పంపేదాన్ని.

శుద్ధ ఏకాదశి

ఊరివాళ్ళు నన్ను కొండ మీది చెవితో మాట్లాడించారు. చెవి అంటే అక్కడ వాళ్ళు పెట్టిన యంత్రం. ఇంజను పక్కన మైకు పెడితే తీగ మీదుగా విని రోగం చెబుతుంది. వేలకొద్దీ ఇంజన్ల చప్పుళ్ళు దానికి నేర్పించారట. పొద్దున మైకు పెట్టాం. కాసేపటికి అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పాడు. చప్పుడు ఇరుసు వెనక చివర నుంచి వస్తోందట, బేరింగు పోయిందట, కూలెంట్ కలిసిన నూనెతో నడిస్తే ఇలాగే అవుతుందట. పోటు సమయంలో నడిపితే ఇరుసు విరిగి గదిలో ఉన్నవాళ్ళు కూడా పోవచ్చట. చతుర్దశికి పడవలు పంపుతామన్నాడు.

నేను బేరింగు నా కళ్ళతో చూశానన్నాను. చూసిన తరవాత పాడై ఉండవచ్చు కదా అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పు లేదు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

లంక పెద్ద మేరీ రత్నం గారు సాయంత్రం ఒక్కరే గదిలోకి వచ్చారు. పొలాలు, గట్టు, పడవలు, జనం అన్నిటి బరువూ ఆవిడ మీదే. ఇరవై ఏళ్ళుగా ఆవిడ గొంతు పెంచగా నేను వినలేదు. నూనె డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చున్నారు. ఇంజను ఆపే ఉంచాం కాబట్టి గదంతా నిశ్శబ్దంగా ఉంది.

"నాకు ఇంజన్లు తెలవ్వు వీరవేణీ. జనం మూటలు కట్టుకుంటన్నారు. నువ్వు చెప్పు. ఎల్లిపోవాలా, ఉండాలా?"

"ఇంకా తెలీదండి. రేపు పొద్దోయేలోగా చెప్తాను."

"ఉంటే మునుగుతామంటే అదే చెప్పు. నా మొహం చూసి అబద్ధం ఆడకు."

అబద్ధం ఆడనన్నాను. ఆవిడ వెళ్ళాక కూర్చుని ఏడ్చాను. నాకు భయమేసింది, అందుకే ఏడ్చాను. అందులో దాచేదేముంది. తరవాత ముఖం కడుక్కుని నాగూరును పిలిచాను.

శుద్ధ ద్వాదశి

చెప్పుడు మాటలు వింటే చెడిపోతామని మా అమ్మ అనేది. చెవి చెప్పిన మాట కూడా చెప్పుడు మాటే. ఇంజను ఏం చెబుతుందో నేనే వినాలనుకున్నాను.

పొద్దున్నే నడిపించాం, బెల్టు లేకుండా, మెల్లగా. ముందు ఒక్కొక్క సిలిండరుకూ మండే నూనె ఆపి చూశాను. పిస్టన్లను ఇరుసుకు కలిపే కడ్డీల బేరింగు పోయి ఉంటే, దాని సిలిండరుకు నూనె ఆపినప్పుడు చప్పుడు మెత్తబడాలి. నాలుగింటికీ ఆపి చూశాను. ఏమీ మారలేదు. అంటే కడ్డీలు బాగున్నాయి. ఒక పీడ వదిలింది.

తరవాత నా సరివి కర్ర తీశాను. ఒక కొన ఇంజనుకు, ఒక కొన చెవి వెనక ఎముకకు ఆనించి ఒక్కొక్క చోటే వింటూ వెళ్ళాను. ముందు మామూలే, మధ్య మామూలే. వెనక, ఇరుసు మూత దగ్గర, దణ్. చెవి చోటు సరిగానే చెప్పింది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఒక చుట్ట కాలినంతసేపు పట్టింది.

కానీ ఒకటి కుదరలేదు. అరిగిన బేరింగు తప్పు పాట పాడినా తాళం తప్పదు. చక్రం తిరిగిన ప్రతిసారీ కొట్టాలి. ఇది అలా కాదు. రెండుసార్లు వెంటవెంటనే కొడుతుంది, తరవాత ఊరుకుంటుంది, మళ్ళీ ఎప్పుడో ఒకటి. లోపలికి రావాలా వద్దా అని గుమ్మం దగ్గర తచ్చాడే చుట్టంలా ఉంది. పైగా బెల్టు తగిలిస్తే పెరుగుతోంది.

నడుం పట్టేసి చక్రం అంచు వైపు గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎదురుగా కిటికీ. చక్రం అంచుకూ కిటికీ చట్రానికీ మధ్య సన్నటి వెలుతురు గీత. ఊరికే చూస్తున్నాను. ఆ గీత సన్నబడింది. దణ్. లావయింది. మళ్ళీ సన్నబడింది. దణ్.

చక్రం గుండ్రంగా తిరగడమే కాదు, పక్కకు కూడా జరుగుతోంది. చక్రం జరుగుతోందంటే దాని ఇరుసు ముందుకూ వెనక్కూ ఆడుతోంది. ఆడి ఆడి మూతను గుద్దుతోంది. బేరింగు అరగలేదు, ఇరుసుకు చోటెక్కువైంది. కాలు వదులైన మంచం ఎంత మోత మోగిస్తుందో అందరికీ తెలుసు. అంత మాత్రాన మంచం విరిగినట్టు కాదు కదా.

రుజువు కావాలి. ఇంజను ఆపి, చక్రం నడిమధ్యన ఇరుసు కొనకు నూనె రాసిన కొయ్య దిమ్మ ఒకటి ఆనించి, దాని వెనక సరివి దుంగ పెట్టాం. మళ్ళీ నడిపించి, నాగూరూ నేనూ దుంగను భుజాలతో నెట్టాం. చప్పుడు ఆగిపోయింది. వదిలాం. దణ్. నెట్టాం. లేదు. ఇంకోసారి నెట్టాం, అది మాత్రం సరదాకి. నాగూరు నవ్వుతున్నాడు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, దుంగ మాత్రం వదలడు.

మేరీ రత్నం గారికి కబురు పంపాను. వచ్చారు. ఆవిడనూ దుంగ పట్టి నెట్టమన్నాను. తెల్లచీర నిండా నూనె చేసుకుని నెట్టి, ఇంజను దణ్ మనకపోవడాన్ని చెవులారా విన్నారు. ఉండాలా అని మళ్ళీ అడిగారు. ఉండవచ్చు, కానీ ఇరుసుకు అంత చోటు ఎందుకు దొరికిందో రేపు మూత విప్పి తేల్చాలి అన్నాను.

శుద్ధ త్రయోదశి

మూత విప్పాం. బేరింగు అద్దంలా ఉంది. కొండ మీదివాళ్ళకు చూపించాలనిపించేంత బాగుంది.

ఆ మూత ఇరుసును వెనక నుంచి పట్టి ఉంచుతుంది. మూతకూ ఇంజనుకూ మధ్య ఒక గాస్కెట్ ఉంటుంది. ఆ గాస్కెట్ మందమైతే మూత వెనక్కి జరుగుతుంది, ఇరుసుకు ఆడడానికి చోటు దొరుకుతుంది. మరీ పలచనైతే మూత ఇరుసును నొక్కేస్తుంది, బేరింగు కాలిపోతుంది. అందుకని ఆ ఒక్కదాని మందం సరిగ్గా ఉండి తీరాలి. మిగతా గాస్కెట్లు ఎంత మందమైనా వాటిది నీళ్ళో నూనో ఆపే పనే. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ కొలవలేదు. బాబాయి ఇచ్చినదాన్ని కొలవడమా?

కత్తి మొనతో మెల్లగా విడదీశాను. పైన నూనె గుడ్డ పొర. అది నాది. దశమి పొద్దున నాగూరు చద్దన్నానికి వెళ్ళినప్పుడు నేనే పెట్టాను. మళ్ళీ కారితే ఎలా అన్న భయంతో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. దాని కింద నూనె కాగితం ఒకటి. అది బాబాయి కత్తిరింపు కాదు, అంచులు వంకరగా ఉన్నాయి. నాగూరు వైపు చూశాను. అతను పైకప్పు వైపు చూశాడు.

"ఒక్కటేనక్కా. ఊరందరి పేణాలు దీని మీదే ఉన్నాయి గదాని."

తిలా పాపం తలా పిడికెడు. దాని కింద బాబాయి గాస్కెట్ ఉంది. చూస్తే ఒక్కటిగానే ఉంది గాని వేళ్ళ మధ్య బరువుగా తోచింది. అందులో ఆయన ఎంత కలిపాడో తెలియకపోతే అసలు మందం ఎంత ఉండాలో తెలియదు. పాత గాస్కెట్ విప్పినప్పుడే పొడిపొడి అయిపోయింది. చెప్పగలిగేవాడు ఆయన ఒక్కడే. అడగాలి. ఈ లంకలో ఒక మనిషి ఇంకో మనిషిని ఎప్పుడూ అడగని మాట అడగాలి.

బాబాయిని పిలిపించాం. మేరీ రత్నం గారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. గాస్కెట్ ఆయన చేతిలో పెట్టి అడిగాను.

"కొసరు ఎంతేశావు బాబాయ్?"

ఆయన ముఖం మాడిపోయింది. గాస్కెట్ తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

"మీ నాన్నకి బిందెలు చేసిచ్చానమ్మాయ్. ఆయన ఏనాడూ ఈ మాట అడగలేదు."

వెళ్ళిపోవడానికి లేచాడు. అప్పుడు నేను నా గుడ్డ పొర తీసి ఆయన ముందు పెట్టాను. ఇది నాది బాబాయ్, నేనూ వేశాను అన్నాను. చెప్పి నా కొసరు నేనే చెడగొట్టుకున్నాను. నాగూరు వచ్చి తన కాగితం పక్కన పెట్టాడు, ఇది నాదండి అన్నాడు. ముసలాయన ఆ రెండింటినీ చూశాడు. మా ఇద్దరినీ చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"సగానికి సగం," అన్నాడు చివరికి. "ఉండాల్సింది రెండు కాయితాలు. నాలుగేసి అంటించాను. మళ్ళీ పోతే మీరు మునిగిపోతారని బయమేసింది."

ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు, బహుశా ఆయనే. కొసరి కొసరి వడ్డించి మన ఇంజను రాజావారికి అజీర్తి చేశామన్నాడు. నవ్వి నవ్వి నాకు పక్కటెముకలు నొప్పెట్టాయి. ఇంజను చచ్చిపోతోందని ఊరంతా మూటలు కట్టుకుంది, దానికి పట్టిన రోగం మా ప్రేమే. ఈ జబ్బు కొండ మీది చెవికి ఎలా తెలుస్తుంది? దానికి చప్పుళ్ళు నేర్పిన ఇంజన్లలో ఒక్కదానికీ ఇలాంటి చుట్టాలు ఉండి ఉండరు.

మేరీ రత్నం గారు నవ్వలేదు. కొత్తది కోసి బిగించడానికి రేపు సాయంత్రం అవుతుందా అని అడిగారు. అవుతుందన్నాను.

"అయితే మీరు గాస్కెట్ కొయ్యండి. నేను విత్తనాలు నానేయిత్తాను."

ఊళ్ళో ఉన్నది ఒక్క కారు పంటకు సరిపడా వడ్ల విత్తనం. నానేస్తే మూడు నాలుగు రోజుల్లో మొలకెత్తుతుంది, వెంటనే నారుమడిలో చల్లాలి. పడవలెక్కించి తీసుకుపోలేం, దాచుకోలేం. ఇంజను నిలబడకపోతే ఊరుతోపాటు విత్తనం కూడా పోతుంది. ఇంకో రోజు ఆగమని నేనే అన్నాను. ఆవిడ వినలేదు, ఆగితే అదును దాటిపోతుందన్నారు. నన్ను ఇంతగా నమ్మినవాళ్ళు లేరు. ఛాతీ రెండింతలయింది.

శుద్ధ చతుర్దశి

బాబాయి మా ముందే కూర్చుని కోశాడు. రెండు కాగితాలు, కొలిచి. కొలత చూసి నాకు ఇచ్చేముందు చెయ్యి ఒక్క క్షణం మిగిలిన కాగితం వైపు వెళ్ళింది. నేను దగ్గాను. చెయ్యి వెనక్కి వచ్చింది. అలవాటు అలాంటిది, ఆయన తప్పేం లేదు.

మూత బిగించి చక్రాన్ని చేత్తో పక్కకు ఊపి చూశాం. గోరు మందం కూడా ఆడలేదు, అలాగని బిగుసుకోనూ లేదు, వేలితో తోస్తే తిరిగింది. అప్పటికి పడవలు వచ్చి గట్టుకు కట్టి ఉన్నాయి. పిల్లలున్న తల్లులు, నడవలేనివాళ్ళు మూటలతో గట్టు మీద కూర్చున్నారు. అదే మంచిదని నేనే చెప్పాను. నా ధైర్యానికి వాళ్ళ పిల్లల్ని పందెం కాయలేను.

ఇంజను నడిపించాం. బెల్టు తగిలించాం. పంపులన్నీ తెరిచాం. నాగూరు కర్రతో విన్నాడు, నేను విన్నాను, బాబాయి ఒట్టి చెవితో విన్నాడు. మామూలు చప్పుడు. అంతే, మామూలు చప్పుడు. దానంత గొప్పది నేను ఈ జన్మలో వినలేదు.

మైకు పెట్టి ఉందన్న సంగతి మరిచిపోయాం. తీగలో కొండ మీది ఉద్యోగి గొంతు వచ్చింది. బేరింగు చప్పుడు మాయమైంది, ఇంజను ఆపేశారా అని అడిగాడు. నడుస్తోందండి అన్నాను. ఏం మార్చారని అడిగాడు. తీసేశాం అన్నాను. ఏం తీశారంటే, చెబితే నీకు అర్థం కాదు నాయనా, ఒకసారి భోజనానికి రా అన్నాను.

పౌర్ణమి

మూత వేడెక్కలేదు. నూనె నల్లగా, శుభ్రంగా ఉంది, చుక్క నీరు లేదు. కూలెంట్ నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది. పోటు గట్టు భుజం దాకా వచ్చి పోయింది. రేపు తల మీదికి వస్తుంది. నానిన విత్తనాలు మొలకెత్తడానికి మండె కట్టారు. గోనెల కింద చెయ్యి పెడితే వెచ్చగా ఉందట. నేను ఇంజను వదిలి వెళ్ళి చూడలేదు.

బహుళ పాడ్యమి

ఇంజను పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను.

పొద్దున పోటు మొదలయ్యేసరికి పంపులన్నీ పూర్తిగా తెరిచాం. గట్టు మీది కాపలావాళ్ళు నీటి ఎత్తు అరిచి చెబుతున్నారు. కింద ఊటకాలవ పొంగుతూ వస్తోంది. నారుమడి గట్టు అంచుకు జానెడు దూరంలో ఉంది నీరు. తరవాత నాలుగు వేళ్ళు. తరవాత రెండు. అది దాటితే ఉప్పు మడిలోకి దిగుతుంది, అంతటితో అయిపోతుంది. మేరీ రత్నం గారు ఆ మడి గట్టు మీదే నిలబడి ఉన్నారు, కాళ్ళ దగ్గర నీరు.

ఇంజనుకు ఇంకొంచెం మండే నూనె వదలాలి. వదిలితే చప్పుడు మళ్ళీ వస్తుందేమో అన్న భయం నాగూరు ముఖంలో కనిపించింది. నా ముఖం అతనికి ఎలా కనిపించిందో తెలియదు. కొలిచి బిగించామురా, దానికి తెలుసు అన్నాను. చివరిదాకా వదిలాను.

పెద్దింజను గొంతు విప్పింది. గోడలు అదిరాయి, డబ్బాలు దొర్లాయి, దీపం చిమ్నీ పగిలింది. ఆ హోరులో ఒక్క తప్పు చప్పుడు లేదు. కిటికీలో వెలుతురు గీత కదలకుండా నిలబడింది. గట్టు అవతలికి నాలుగు గొట్టాల నుంచి నీళ్ళు సముద్రం ముఖాన పడుతున్నాయి. కాలవలో నీరు రెండు వేళ్ళ దగ్గర ఆగింది. ఎంతసేపు ఆగిందో నాకు తెలియదు. తరవాత తడి మరక ఒకటి బయటపడింది, ఆ మరక కింద నీరు. తగ్గుతోంది.

మేరీ రత్నం గారు మడి గట్టు మీద నుంచి గదిదాకా పరిగెత్తుకుంటూ వచ్చారు. అరవై దాటిన మనిషి. ఆ హోరులో ఆవిడ ఏమన్నారో వినిపించలేదు. పట్టుకుని ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. నాగూరు నూనె చేతులతో మా ఇద్దరి వీపులూ తట్టాడు.

గెలిచాం. సముద్రం మీద గెలిచాం, చెవి మీద గెలిచాం, మా భయం మీద మేమే గెలిచాం. ఇంకా పెద్దగా రాయాలని ఉంది గాని కాగితం చాలదు.

ఆటు మొదలయ్యాక గట్టు మీది జనం మూటలు నెత్తిన పెట్టుకుని దిగారు. పడవవాళ్ళకు కడుపునిండా అన్నం పెట్టి ఖాళీ పడవలతో పంపించాం.

బహుళ విదియ

ఇంజనును నాగూరుకు అప్పజెప్పి పొలానికి వెళ్ళాను. మొలకలు తెల్లగా, పొట్టిగా, సమంగా వచ్చాయి. మడి దున్ని, చదును చేసి సిద్ధంగా ఉంచారు. మట్టి నాలుక మీద పెట్టి చూశారు ఆడవాళ్ళు, ఉప్పు లేదు.

మేరీ రత్నం గారు బుట్ట నా చంకకు ఇచ్చి మొదట నన్నే చల్లమన్నారు. చేతుల నిండా నూనె జిడ్డు, వద్దన్నాను. ఆ చేతులతోనే చల్లమన్నారు. చల్లాను. ఒకచోట కుప్పగా పడ్డాయి, ఇంకోచోట అసలు పడలేదు. ఇంజను బాగుచేసినంత తేలిక కాదు అది. ఆడవాళ్ళందరూ విరగబడి నవ్వారు. ఒకామె వచ్చి సరిచేయబోతే మేరీ రత్నం గారు ఆపారు. ఆ మూల అలాగే మొలవనీండి, మన వీరవేణి చల్లిన మూల అని తెలవాలి గదా అన్నారు.

ఇరవై అయిదు రోజులకు నారు పీకి నాట్లు వెయ్యాలి. నాట్లకు నేనూ వస్తానన్నాను. అప్పటిదాకా ఇక్కడే ఉంటాం. ఆ తరవాత కూడా ఇక్కడే ఉంటాం.